గ్రీసు దీవి హైడ్రా: ఊరికి తప్పకుండా వెళ్లండి, రేవులో పడవ కట్టే ముందు మాత్రం ఆలోచించండి

ఏథెన్స్ దగ్గర యాట్ అద్దెకు తీసుకుని సరోనిక్ దీవులు తిరిగొద్దామనుకునేవాళ్లు మొదట అడిగేది హైడ్రా గురించే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ ఊరు చూసి తీరాలి, కనీసం ఒక రాత్రి అక్కడ ఉండాలి. కానీ జూలై, ఆగస్టుల్లో ఆ రేవులోనే యాట్ కట్టి, అందులోనే పడుకోవాలనుకుంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోండి.

మేమూ, మా అన్నయ్యవాళ్లూ కలిసి ఏథెన్స్ దగ్గరి అలిమోస్ మెరీనాలో, అంటే యాట్‌ల కోసం ప్రత్యేకంగా కట్టిన రేవులో, పడవ ఎక్కాం. గ్రీసులో సొంతంగా పడవ నడుపుకోవాలంటే వాళ్లు ఒప్పుకునే సెయిలింగ్ సర్టిఫికెట్ ఉండాలి. మాలో ఎవరికీ లేదు కాబట్టి స్కిప్పర్‌ని, అంటే పడవ నడిపే కెప్టెన్‌ని, పెట్టుకున్నాం. ఆయన జీతం పడవ అద్దెకు అదనం. భోజనం మనమే పెట్టాలి, పడుకోవడానికి ఒక గదీ వదిలిపెట్టాలి. బుక్ చేసేటప్పుడే ఈ గది లెక్క వేసుకోండి. పడవ అప్పగించేటప్పుడు కంపెనీవాళ్లు తొందరపెడతారు, అయినా లంగరు దించి ఎత్తే మోటారును మీ కళ్లముందే ఒకసారి నడిపించి చూపించమనండి. హైడ్రాలో పనంతా దానితోనే.

దారిలో ఏజినా దీవిలో పిస్తా కొనుక్కుని, పోరోస్ దీవిలో హాయిగా ఒక రాత్రి గడిపి హైడ్రాకు బయల్దేరాం. దూరం నుంచి చూస్తే మొదట బోడికొండలే కనిపిస్తాయి. మలుపు తిరిగేసరికి ఒక్కసారిగా ఊరు ఎదురవుతుంది. రేవు చుట్టూ మెట్లు మెట్లుగా పైకెక్కే రాతి ఇళ్లు, మధ్యలో మఠం గడియార స్తంభం, రెండు వైపులా పాత ఫిరంగులు. ఆ అందం ఫొటోల్లో రాదు.

ఇక రేవు సంగతి. అది చాలా చిన్నది, పైగా మెరీనా కాదు. స్థలం ముందుగా బుక్ చేసుకునే వీలుండదు, ముందొచ్చినవాళ్లదే చోటు. మధ్యాహ్నానికల్లా గట్టు నిండిపోతుంది, తర్వాత వచ్చేవాళ్లు అప్పటికే కట్టి ఉన్న పడవల ముందు రెండో వరసలో కట్టుకుంటారు. పండగ ముందు రోజు జూబ్లీ బస్టాండు ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఉదయం పది, పదకొండు మధ్య నిన్నటి పడవలు కదులుతుంటే ఖాళీ దొరుకుతుంది. మా స్కిప్పర్ ఆ సమయానికే తీసుకెళ్లాడు కాబట్టి గట్టు పక్కనే చోటు దక్కింది.

ఇక్కడ పడవ కట్టే పద్ధతి ఇదీ. రేవు మధ్యలో లంగరు వదిలి, గొలుసు జారవిడుస్తూ వెనక్కి వచ్చి, పడవ వెనక భాగాన్ని రెండు మోకులతో గట్టుకు కడతారు. ఎదురు గట్టువాళ్లూ అదే మధ్యలో లంగరు వేస్తారు. రేవు ఇరుకు కాబట్టి గొలుసులు అడుగున ఒకదానిమీద ఒకటి పడతాయి. మర్నాడు మేం లంగరు ఎత్తుతుంటే మోటారు మూలగడం మొదలుపెట్టింది. నీళ్లపైకి వచ్చేసరికి మా లంగరు కొక్కేనికి బురద కారుతూ పక్కవాళ్ల గొలుసు వేలాడుతోంది. స్కిప్పర్ ముందు భాగంలో బోర్లా పడుకుని, ఆ గొలుసు కిందుగా ఒక తాడు పోనిచ్చి, రెండు కొసలూ లాగి పడవకు కట్టాడు. మా లంగరును కొంచెం దించాడు. గొలుసు బరువంతా తాడు మీదకు వచ్చాక పడవను వెనక్కి నడిపించి లంగరు విడిపించుకున్నాడు. ఆ తర్వాత తాడు ఒక కొస వదిలేస్తే గొలుసు నీళ్లలోకి జారిపోయింది. పిల్లలు ఊపిరి బిగబట్టి చూశారు. ఆ పావుగంటలో ఆయన జీతం మొత్తం రాబట్టినట్టే అనిపించింది నాకు.

రాత్రి కూడా అంతంతమాత్రమే. ఫెర్రీ వచ్చినప్పుడల్లా అల తగిలి పడవ ఊగుతుంది. ఉత్తరం గాలి బలంగా వీస్తే అల నేరుగా లోపలికే వస్తుంది. గట్టు మీద హోటళ్ల సందడి అర్ధరాత్రి దాటినా తగ్గదు. టెన్షన్ పడి నిద్రపోనిది మా వదిన ఒక్కతే కాదు.

ఊరు మాత్రం నా మనసు దోచింది. కార్లు లేవు, బైకులు లేవు. చెత్త బండి లాంటి ఒకటి రెండు తప్పిస్తే మోటారు వాహనాలే ఉండవు. సూట్‌కేసుల నుంచి సిమెంటు బస్తాల దాకా అన్నీ కంచరగాడిదల మీదే పైకెక్కుతాయి. 1821 స్వాతంత్ర్య పోరాటంలో ఈ చిన్న దీవి ఓడలే గ్రీకు నౌకాబలానికి వెన్నెముక. నౌకాధిపతి మియావులిస్ ఇక్కడివాడే, ఆయన గుండెను రేవు పక్కన మ్యూజియంలో భద్రపరిచారు. ఫిరంగుల కిందుగా ఉన్న స్పిలియా రాళ్ల మీద నుంచి నేరుగా లోతు నీళ్లలోకి దూకొచ్చు, ఈత బాగా వచ్చినవాళ్లకి పండగే. చిన్నపిల్లలుంటే తీరం వెంట నడుచుకుంటూ వ్లిహోస్ బీచ్‌కి వెళ్లండి.

శాకాహారులకు ఇబ్బంది లేదు. టమాటాలో ఉడికించిన పెద్ద గింజల గిగాంతెస్, పప్పు ముద్దలా ఉండే ఫావా మాకు బాగా నచ్చాయి. అన్నం కూరిన టమాటాలు, క్యాప్సికమ్‌ల గెమిస్తాలో కొన్నిచోట్ల ఖైమా కలుపుతారు, అడిగి తీసుకోండి. బాదంతో చేసే అమిగ్దలోతా తినకుండా రావద్దు. గట్టు మీద కాకుండా రెండు సందులు లోపలికి వెళ్తే ధరా తగ్గుతుంది, రుచీ పెరుగుతుంది.

మళ్లీ వెళ్తే నేను చేసేది ఇదీ: పడవను ఎదురుగా ప్రధాన భూభాగంలో ఉన్న ఎర్మియోనీలో కట్టి, స్కిప్పర్‌ని అందులో ఉంచి, ఫెర్రీలో హైడ్రాకు వెళ్తాను. అరగంట కూడా పట్టదు. పాత భవంతుల్ని మార్చి చేసిన హోటళ్లలో ఒకదాంట్లో రాత్రి ఉండి, పొద్దున్నే ఎండ ముదరకముందు సందులన్నీ తిరుగుతాను. మీరూ ఇలాగే వెళ్లాలనుకుంటే బయల్దేరే ముందే స్కిప్పర్‌తో మాట్లాడుకోండి, హోటల్ గది అంతకన్నా ముందే బుక్ చేసుకోండి.