కాగ్ ఆడిటా, సామాజిక తనిఖీయా: ఏది మేలు?

ప్రభుత్వ ఖర్చుల లెక్క చూసే రాజ్యాంగ సంస్థ కాగ్. ఊరి పనుల లెక్కను ఊరి జనం ముందే సరిచూసేది సామాజిక తనిఖీ. ఉపాధి హామీ కూలి డబ్బుల వరకైతే నా ఓటు సామాజిక తనిఖీకే. 2005 నాటి చట్టం 17వ సెక్షన్‌లో ఈ పనిని గ్రామసభకు అప్పగించారు. దాన్ని 2006లోనే పట్టాలెక్కించి, 2009లో విడిగా ఒక సొసైటీ పెట్టింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. తనిఖీ చేసేవాళ్లు మస్టర్ (కూలీల హాజరు పట్టీ) పట్టుకుని ఇంటింటికీ వెళ్తారు. "అమ్మా, ఆ వారం చెరువు పూడిక పనికి పోయారా? చేతికెంత వచ్చింది?" అని అడుగుతారు. బెంగళూరు వలసపోయిన కొడుకు పేరున కూలి పడిందని తెలిస్తే, ముందు నోరు తెరిచేది ఆ తల్లే. గుంతలో టేపు వేస్తే ఎం-బుక్‌లో (పని కొలతల పుస్తకంలో) రాసిన లోతెంతో, నేల మీద ఉన్నదెంతో అక్కడికక్కడే తేలిపోతుంది. ఆఫీసులో ఫైలు తిరగేస్తే మాత్రం సంతకాలు, వేలిముద్రలు అన్నీ సలక్షణంగా ఉంటాయి. కాగ్ బృందాలూ ఊళ్లకు వెళ్తాయి గానీ, ఎంచుకున్న కొన్నింటికే.

మరి కాళేశ్వరం లాంటి భారీ సాగునీటి ప్రాజెక్టును గ్రామసభ ఏం కొలుస్తుంది? 81,911 కోట్లని చూపించిన ఖర్చు 1,47,427 కోట్లు దాటొచ్చని, పెట్టిన రూపాయికి 52 పైసలే తిరిగొస్తాయని లెక్క తీయడానికి కాగే కావాలి. ఆ పనికి అధికారమూ, నిపుణులూ ఉన్నది అక్కడే. కాకపోతే ఆ నివేదిక అసెంబ్లీకి వచ్చింది 2024 ఫిబ్రవరిలో. ఆ ప్రాజెక్టులోని మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగింది 2023 అక్టోబరులో!

ఆలస్యం ఒక్కటే అయితే సర్దుకుపోవచ్చు. అసలు చిక్కేమిటంటే, ఇద్దరి చేతిలోనూ బెత్తం లేదు. కాగ్ తప్పు పడుతూ నివేదికలో పేరా రాస్తుంది, శాఖ జవాబిస్తుంది, ఆపైన ఆ నివేదికల్ని పరిశీలించే శాసనసభ్యుల కమిటీ పీఏసీ దయ. అక్కడ కూడా సిఫార్సులే. ఇక సామాజిక తనిఖీలో తేలినవి చదివి వినిపించే బహిరంగ సభ, ప్రజావేదికలో, ఊళ్లో పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్‌ను అందరి ముందూ నిలదీసి రికవరీ (తిరిగి కట్టాల్సిన సొమ్ము) రాస్తారు. బాగానే ఉంటుంది. వసూలు చేయాల్సింది మాత్రం మళ్లీ అధికారులే. పైగా ఊళ్లో మొహమాటాలు. ఇంటి దగ్గర అంతా చెప్పినవాళ్లు, "రేపు పని చూపించేది ఆయనేగా" అని వేదిక మీద మాట మార్చేస్తారు. తనిఖీకి అదే పంచాయతీ వాళ్లు ఉండకూడదని 2011 నిబంధనల్లో పెట్టింది ఇందుకేనేమో. కాగ్‌ను సంప్రదించే ఆ నిబంధనలు రాశారు కాబట్టి, రెండింటికీ పోటీ పెట్టాల్సిన పని కూడా లేదు.

నన్నడిగితే, ప్రతి ప్రజావేదికా పోయినసారి రాసిన రికవరీలో ఎంత కట్టించారో చదివి వినిపించడంతోనే మొదలవ్వాలి. కట్టించనివాటి జాబితా నేరుగా కాగ్ ఆడిటర్ల బల్ల మీదికి పోవాలి.