క్రూషియల్ 16 జీబీ డీడీఆర్4 ల్యాప్‌టాప్ ర్యామ్: ఒక ఆల్బమ్ డిజైనర్ అనుభవం

హన్మకొండలో పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేయడం నా వృత్తి. ఫోటోగ్రాఫర్లు తెచ్చి ఇచ్చే ఫోటోలను 12 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పు గల కరిజ్మా షీట్లుగా కూర్చి ల్యాబ్‌కు పంపుతాను. అంగుళానికి 300 పిక్సెళ్ళ చొప్పున అటువంటి షీటు 10,800 అడ్డం, 3,600 నిలువు కొలతకు వస్తుంది. అంటే 3 కోట్ల 88 లక్షల పైచిలుకు పిక్సెళ్ళు. ఒక్కో పిక్సెల్‌కు 3 బైట్లు అనుకుంటే, షీటంతా పరచుకున్న ఒక్క లేయరే దాదాపు 117 ఎంబీ మెమరీని తీసుకుంటుంది. వెనుక లక్నవరం వేలాడే వంతెన, దాని మీద మంచు తెర, ముందు వధూవరులు, అంచుల్లో పూలు అంటూ లేయర్లు పదిహేను దాటడం మా పనిలో మామూలే.

నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఇంటెల్ 10వ తరం ఐ5 ప్రాసెసర్. 8 జీబీ ర్యామ్‌లో 4 జీబీ మదర్‌బోర్డుకే అతికించి ఉండగా, మిగిలిన 4 జీబీ ఒకే ఒక స్లాట్‌లో ఉంది. ఇన్ని లేయర్ల బరువుకు అది చాలక, బ్రష్ గీసినా గీత కాస్త ఆగి కనిపించేది. అతికించిన దానిని మార్చే వీలు లేదు కాబట్టి, స్లాట్‌లోని ముక్కను తీసి 8 జీబీ పెట్టి మొత్తం 12 చేసుకోవాలా, 16 పెట్టి 20 చేసుకోవాలా అన్నదే నా ముందున్న ప్రశ్న. తయారీదారు పత్రంలో గరిష్ఠం 20 జీబీ అని స్పష్టంగా ఉంది. అడిగిన ప్రతివారూ "ఎంత ఎక్కువైతే అంత మంచిది" అన్నారే తప్ప, నా పనికి ఎంత కావాలో లెక్క చెప్పినవారు లేరు.

ఆ లెక్క ఫోటోషాపే చెబుతుందని ఆలస్యంగా గ్రహించాను. దాని విండో అడుగున ఉండే చిన్న బాణం గుర్తును నొక్కి 'స్క్రాచ్ సైజెస్' ఎంచుకుంటే రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది తెరిచి ఉన్న బొమ్మలన్నిటికీ కలిపి పడుతున్న మెమరీ, రెండవది ఫోటోషాప్‌కు అందుబాటులో ఉన్న ర్యామ్. ముహూర్తాల రద్దీలో మూడు షీట్లు ఒకేసారి తెరిచి ఉంచిన ఒక సాయంత్రం నాకు కనిపించినవి 8.2 జీబీ, 5.1 జీబీ. మొదటి అంకె రెండవదాన్ని మించితే మిగిలిన భారాన్ని ఫోటోషాప్ డిస్కు మీదకు నెడుతుంది. బ్రష్ గీసిన తరువాత గీత కనిపించడానికి పట్టే ఆ క్షణం ఆలస్యానికి కారణం అదే. మామూలుగా ఫోటోషాప్ తనకు అందే మెమరీలో 70 శాతం వరకే తీసుకుంటుంది కనుక, మొత్తం 12 జీబీ అయినా దానికి దక్కేది 8 కంటే తక్కువే, అంటే నా అవసరానికి కొద్దిగా చాలదు. 20 జీబీ అయితే 13 వరకు దొరుకుతుంది. డబ్బు ఖర్చు పెట్టి అంచు దగ్గరే ఆగిపోవడం కంటే 16 జీబీ ముక్క కొనడమే సరైనదని అక్కడే తేలిపోయింది. బిల్లులు, ఉత్తరాలు, బ్రౌజర్ మాత్రమే వాడేవారికి ఈ లెక్క వర్తించదు. వారికి మొత్తం 12 జీబీ ధారాళంగా సరిపోతుంది.

కొనుగోలు మాత్రం సాఫీగా జరగలేదు. మొదట వెళ్ళిన దుకాణంలో బిల్లు మీద 3200 అని రాసి ఇచ్చిన ముక్కను ఇంటికి తెచ్చి బిగించి టాస్క్ మేనేజర్ తెరిస్తే, వేగం 2400 అని చూపించింది. తీసి చూస్తే స్టిక్కర్ మీదే పీసీ4-2400టీ, అంటే 2400 వేగం అని అచ్చయి ఉంది. చదవకుండా తెచ్చుకోవడం నా తప్పు, చెప్పకుండా ఇవ్వడం వారి తప్పు. వాదన తరువాత డబ్బు తిరిగి ఇచ్చారు. నిజానికి నా ప్రాసెసర్ ర్యామ్‌ను 2666 వేగానికి మించి నడపదు, పైగా వేర్వేరు వేగాల ముక్కలు కలిసి ఉంటే రెండూ తక్కువ వేగానికే దిగుతాయి కనుక 3200 పెట్టినా 2666 వద్దే నడుస్తుంది. అయినా రేపు వేరే ల్యాప్‌టాప్‌కు మారినా పనికొస్తుందని 3200నే కోరుకున్నాను.

రెండవసారి చౌరస్తా దగ్గరి ఒక చిన్న దుకాణంలో క్రూషియల్ వారి 16 జీబీ డీడీఆర్4-3200 తీసుకున్నాను. అక్కడి అబ్బాయి ప్యాకెట్ విప్పక ముందే స్టిక్కర్ చదివి వినిపించాడు, 260 పిన్నులు, 1.2 వోల్టులు అని సరిచూసి, నా కళ్ళ ముందే బిగించాడు. అడుగు మూత విప్పగానే మొదట బ్యాటరీ తీగను ఊడదీశాడు, పవర్ బటన్ కాసేపు నొక్కి ఉంచాడు, ఆ తరువాతే ముక్కను ఏటవాలుగా స్లాట్‌లో దూర్చి, రెండు పక్కల కొక్కేలు టక్కుమనే దాకా కిందికి అదిమాడు. ఆన్ చేశాక తెర చాలాసేపు నల్లగానే ఉండిపోయింది. నా ముఖం చూసి, "ఏం కాదు అన్నా, కొత్త ర్యామ్‌ను లెక్క చూసుకుంటుంది, ఆగుండ్రి" అన్నాడు. కొత్త మెమరీతో మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఇలా ఆలస్యం కావడం సహజమే. ఆ సమయంలో కంగారుపడి ఆఫ్ చేయకూడదు.

ఇంట్లో ఆ రాత్రంతా ర్యామ్‌లో లోపాలను వెతికే మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రామ్ నడిపాను, తప్పు ఒక్కటీ రాలేదు. అవే మూడు షీట్లు తెరిస్తే ఇప్పుడు 8.2 జీబీ, 13.1 జీబీ అని చూపుతోంది, బ్రష్ చేతి వెంటే కదులుతోంది. మధ్యలో వాట్సాప్ వెబ్‌కు వెళ్ళి తిరిగి వచ్చినా బొమ్మ మళ్ళీ లోడ్ కావడం లేదు. అయితే పూర్తయిన షీటును జేపెగ్‌గా సేవ్ చేయడానికి పట్టే సమయం తగ్గలేదు. అది ప్రాసెసర్ పని, దానికి ర్యామ్ మందు కాదు. రెండు ర్యామ్ ముక్కలు జోడీగా ఒకేసారి పనిచేసే డ్యూయల్ ఛానెల్ లాభం కూడా కొంతే: అతికించిన 4 జీబీకి ఎదురుగా కొత్త ముక్కలోని 4 జీబీ మాత్రమే జోడీగా నడుస్తుంది, మిగిలిన 12 ఒంటరిగానే పనిచేస్తుంది. నా పనిలో ఆ తేడా కంటికి ఆనలేదు.

ధర సంగతికి వస్తే, 2025 చివరి నుండి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల మెమరీ ధరలు బాగా పెరిగాయి. నేను ఇచ్చిన మొత్తం ఇక్కడ రాసినా మీరు వెళ్ళే నాటికి అది నిలవదు. ఇంకొక మాట, క్రూషియల్ మాతృసంస్థ మైక్రాన్ ఈ వినియోగదారుల వ్యాపారం నుండి తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. వారంటీ సేవ కొనసాగుతుందని చెప్పింది కాబట్టి, బిల్లును, ప్యాకెట్‌ను జాగ్రత్తగా దాచుకున్నాను. తీసేసిన పాత 4 జీబీ ముక్కకు అమ్మకపు విలువ ఏమీ లేకపోయినా, "పడేయకుండ్రి అన్నా, రేపు ఇది మొరాయిస్తే అదే అక్కరకొస్తది" అని ఆ అబ్బాయి దానిని కొత్త ముక్క ప్యాకెట్‌లోనే పెట్టి ఇచ్చాడు. ఇప్పుడు ఆ ప్యాకెట్ బిల్లుతో సహా నా టేబుల్ సొరుగులో ఉంది.