లిథియం షేర్లు కొనాలా, సోడియం కోసం ఆగాలా?

"సోడియం బ్యాటరీలు వచ్చేస్తున్నాయట కదా, ఇక లిథియం షేర్లు దండగేనా?" గచ్చిబౌలి వైపు ఆఫీసుల్లో పనిచేస్తూ, కొత్తగా విదేశీ షేర్ల ఖాతా తెరిచినవాళ్లు పదేపదే అడుగుతున్న ప్రశ్న ఇది.

లిథియం బ్యాటరీలకు పోటీ అనుకుంటున్న టెక్నాలజీల్లో చాలావాటికి లిథియంతో గొడవే లేదు. ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ వచ్చి నికెల్‌ను, కోబాల్ట్‌ను పక్కకు నెట్టింది, లిథియం మాత్రం అందులోనూ ఉంది. సాలిడ్ స్టేట్ బ్యాటరీల్లో ముఖ్యంగా మారేది ఎలక్ట్రోలైట్, అంటే లోపలి ద్రవం బదులు ఘనపదార్థం ఉంటుంది. ఆనోడ్‌కు (బ్యాటరీ రుణ ధ్రువానికి) లిథియం లోహమే వాడితే ఖర్చయ్యే లిథియం ఇంకా పెరుగుతుంది. వెనేడియం ఫ్లో బ్యాటరీలు కదలకుండా ఒకచోట ఉండే పనులకే, వాటిని వదిలేద్దాం. అసలు పోటీ సోడియం ఒక్కటే.

దాని బలాలు నిజమైనవే. ముడిసరుకుకు కొదవ లేదు. ఆనోడ్ వైపు ఖరీదైన రాగి రేకు బదులు అల్యూమినియం సరిపోతుంది. గడ్డకట్టే చలిలోనూ బాగా పనిచేస్తుంది (మే నెలలో 42 డిగ్రీలకు మాడిపోయే మనకు దాంతో ఒరిగేదేమీ లేదనుకోండి). చైనా కంపెనీ సీఏటీఎల్ 2025లో ప్రకటించిన సోడియం సెల్ సామర్థ్యం కిలోకు 175 వాట్ అవర్లు. ఎల్ఎఫ్‌పీకి బాగా దగ్గరికొచ్చినట్టే. మన బాలాపూర్‌లోని కేంద్ర పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐలోనూ సోడియం మీద పరిశోధన జరుగుతోంది.

అయినా నా లెక్కలో తేల్చేది లిథియం రేటే. ఒక స్కూటర్ సంగతి చూడండి. 3 కిలోవాట్ అవర్ల ఎల్ఎఫ్‌పీ బ్యాటరీకి సుమారు 2 కిలోల లిథియం కార్బొనేట్ పడుతుంది. 2022 నవంబరులో చైనాలో టన్ను ధర 6 లక్షల యువాన్ల దాకా వెళ్లింది. మన డబ్బుల్లో కిలో దాదాపు 7 వేలు, అంటే ఒక్క స్కూటర్‌లోని లిథియమే 14 వేలు. 2025 మధ్యకల్లా టన్ను 60 వేల యువాన్లకు పడిపోయింది. అదే స్కూటర్‌లో అదే లిథియం అప్పుడు 1,500 రూపాయల లోపే. రేటు అంత తక్కువున్నప్పుడు ఆ 1,500 కోసం ఎక్కువ బరువు, ఎక్కువ చోటు తినే ప్యాక్ ఎవరు పెడతారు? అమెరికాలో సోడియం బ్యాటరీలు చేసే నేట్రాన్ 2025 సెప్టెంబరులో పెట్టుబడి దొరక్క మూతపడింది.

రేటు మళ్లీ 2022లా పెరిగితే మాత్రం సోడియం గిట్టుబాటవుతుంది. లిథియం గిరాకీని అది తుడిచిపెట్టేస్తుందని నేననుకోను గానీ, అప్పటి రేట్లను ఎక్కువకాలం నిలవనివ్వదు. గని షేరు కొనేవాళ్లు చూసుకోవాల్సింది ఇక్కడే.

ఇంకో సంగతి, గిరాకీ పెరిగినంత మాత్రాన లాభం పెరగాలని లేదు. 2022 తర్వాత ప్రపంచంలో ఈవీల అమ్మకాలు ఏటా పెరిగాయి, లిథియం రేటేమో పదోవంతుకు దిగింది. టమాటా కిలో 100 దాటితే తర్వాతి పంటకు మదనపల్లె చుట్టూ అందరూ టమాటాయే వేసినట్టు, చాలా దేశాల్లో గనులు తెరిచేశారు. అమెరికా గని కంపెనీ ఆల్బమార్ల్ షేరు 2022లో 300 డాలర్లు దాటి, 2025 ఏప్రిల్‌లో 60 కిందికి జారింది. ఆస్ట్రేలియాలో ఫిన్నిస్, బాల్డ్ హిల్ గనుల్లో 2024లో తవ్వకం ఆగింది. 2025 ఆగస్టులో సీఏటీఎల్ కూడా చైనాలో తన గని ఒకటి ఆపేసింది. ఆ తర్వాత నెలల్లో రేటు మళ్లీ లేచింది.

అందుకే గని షేర్లకు నెలనెలా సిప్ కట్టే పద్ధతి నప్పదంటాను. గనులు మూస్తున్నారన్న వార్తలు వస్తున్నప్పుడు కొనాలి, టీవీల్లో లిథియం జపం మొదలైనప్పుడు అమ్మేయాలి. అంత ఓపిక లేకపోతే గనులూ బ్యాటరీ కంపెనీలూ కలిసున్న విదేశీ ఫండ్ నయం. ముడిసరుకు చవకై గనులు నష్టపోయినా, అందులోని సెల్ తయారుచేసేవాళ్లకు కాస్త ఊపిరాడుతుంది.

సోడియం మీద నేరుగా పెట్టే దారి మనకు దాదాపు లేదు. బ్రిటన్‌కు చెందిన సోడియం బ్యాటరీల కంపెనీ ఫారాడియన్‌ను రిలయన్స్ కొన్న మాట నిజమే. దానికోసం రిలయన్స్ షేరు కొంటే మీ చేతికొచ్చేది ప్రధానంగా చమురు, జియో, దుకాణాల వ్యాపారం.

మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో పదేళ్లలో 9,500 కోట్లు పెడతామన్న అమరరాజా గురించీ అడుగుతున్నారు. అది లిథియం అమ్మే కంపెనీ కాదు, కొనే కంపెనీ. రేటు పడితే దానికి మంచిదే. కాకపోతే ఇప్పటికీ ఎక్కువ ఆదాయం సీసం బ్యాటరీలదే కాబట్టి, లిథియం కోసమని కొనేముందు వార్షిక నివేదికలో ఆ వాటా ఎంతో చూడండి. జమ్మూకశ్మీర్‌లోని రియాసీ లిథియం నిల్వల మీద ఆశతో ఏదైనా చిన్న షేరు కొనమని ఎవరైనా చెబితే నమ్మొద్దు. 59 లక్షల టన్నులని 2023లో ప్రకటించారు, వేలానికి పెడితే సరిపడా కంపెనీలు రాక రద్దయింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

విదేశీ షేరు ఒక్కటి కొన్నా ఆదాయపన్ను రిటర్నులో షెడ్యూల్ ఎఫ్ఏ (విదేశీ ఆస్తుల వివరాల పట్టిక) నింపాలి. లాభం రాకపోయినా, అమ్మకపోయినా సరే.