బిల్లింగ్ సాఫ్ట్‌వేర్: ఒకేసారి కొనాలా, నెలనెలా కట్టాలా?

ఖర్చు: కొంటే మొదట్లోనే పెద్ద మొత్తం పోతుంది. నెలవారీ చందా తేలిగ్గా అనిపిస్తుంది గానీ, ఐదేళ్లకు కూడి చూడండి.

శ్రమ: సొంతదైతే బ్యాకప్ మన పని. చందాది క్లౌడ్‌లో, అంటే నెట్ ద్వారా కంపెనీ సర్వర్‌లో నడుస్తుంది కాబట్టి ఆ టెన్షన్ తక్కువ.

రిస్క్: ఇక్కడ హార్డ్‌డిస్క్ పోవచ్చు, అక్కడ నెట్ పోవచ్చు. చందా ఆపేస్తే మన లెక్కలు మన చేతికెలా వస్తాయో ముందే అడగండి.

ఏదైనా సరే, కొన్నంత మాత్రాన లాభం రాదు. నెలనెలా 11లోపు జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల జీఎస్‌టీ రిటర్ను), 20లోపు 3బి (పన్ను కట్టే రిటర్ను) వేయడానికి ఇప్పుడు ఎన్ని గంటలు పడుతోందో రాసిపెట్టుకుని, ఆరు నెలలయ్యాక పోల్చండి. గుమస్తా ఇంకా పక్కన నోటుపుస్తకంలోనూ రాసుకుంటున్నాడంటే పెట్టుబడి పనిచేయనట్టే. ముందు అతనికి నేర్పించండి.

ఒకే కొట్టు, నెట్ అంతంతమాత్రమైతే కొనేయండి. రెండు మూడు బ్రాంచీలుంటే క్లౌడే నయం.