రసాయనశాస్త్రం ఎమ్మెస్సీకి మా ఊరి ఏయూనా, హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీనా: రెండింటినీ ఎరిగిన ఒక తల్లి అభిప్రాయం

విశాఖపట్నంలో పుట్టి పెరిగి, ఇక్కడి ఆంధ్ర విశ్వవిద్యాలయం (ఏయూ)లోనే 1996లో రసాయనశాస్త్రం ఎమ్మెస్సీ పూర్తిచేసినదాన్ని నేను. మా అమ్మాయి అదే ఎమ్మెస్సీని హైదరాబాదు విశ్వవిద్యాలయంలో, అంటే అందరూ సెంట్రల్ యూనివర్సిటీ అని పిలిచే చోట, ఈ ఏడాది ముగించింది. రెండు చోట్లా సీటు వచ్చినప్పుడు ఎటు వెళ్ళాలో తేల్చుకోలేక పదిహేను రోజుల పాటు మా ఇంట్లో వేరే మాటే లేదు. ఇప్పుడు అదే సందిగ్ధంలో ఉన్న పిల్లలకూ, వాళ్ళ తల్లిదండ్రులకూ అక్కరకు వస్తుందని ఇది రాస్తున్నాను.

ఊళ్ళో ఉన్నదాన్ని తక్కువ చేసి మేము ఏయూను వదులుకోలేదని ముందే చెప్పాలి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెతను ఈ విశ్వవిద్యాలయానికి ఎవరైనా అంటగడితే నాకు కష్టంగా ఉంటుంది. 1926లో బెజవాడలో మొదలై, 1930లో విశాఖకు తరలివచ్చిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు కట్టమంచి రామలింగారెడ్డి గారు తొలి వైస్ ఛాన్సలర్. 1931లో ఆ బాధ్యతను సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు స్వీకరించారు. సైన్సు కళాశాలకు అప్పట్లో జయపురం మహారాజు విక్రమదేవ వర్మ గారి పేరు పెట్టారు. గణాంకశాస్త్రంలో ప్రపంచమంతా గౌరవించిన సి.ఆర్. రావు గారు గణితం ఎం.ఏ. చదివింది ఇక్కడే. నేను ఈ రోజు ఇంటర్ పిల్లలకు రసాయనశాస్త్రం ధైర్యంగా చెప్పగలుగుతున్నానంటే, అది వాల్తేరు మిట్ట మీద ఆ రెండేళ్ళలో నాకు దొరికిన చదువు వల్లనే.

మరి అమ్మాయిని ఎందుకు పంపాము? నేను ఆ రెండేళ్ళూ ఎలా చదివానో గుర్తుకు తెచ్చుకున్నాను కనుక. గాజువాక నుంచి పొద్దున్నే క్యారియర్ పట్టుకుని బయలుదేరేదాన్ని. ప్రాక్టికల్స్ అయ్యేసరికి సాయంత్రం నాలుగున్నర దాటేది, గడియారం వంక చూస్తూ బస్సు కోసం పరుగెత్తేదాన్ని. శ్రీకాకుళం నుంచి, నర్సీపట్నం నుంచి వచ్చి హాస్టల్లో ఉన్న నా స్నేహితురాళ్ళకు అసలు చదువు అప్పుడు మొదలయ్యేది. ఒక స్పెక్ట్రం, అంటే పదార్థాన్ని గుర్తుపట్టడానికి తీసే గీతల పటం, ముందు పెట్టుకుని ఇది ఏ పదార్థమో చెప్పమంటూ ఒకరినొకరు నిలదీసుకుంటూ అర్ధరాత్రి దాకా కూర్చునేవారు. నేను అదే లెక్కను మా ఇంట్లో భోజనాల బల్ల మీద, వచ్చిన చుట్టాలకు మంచినీళ్ళు అందిస్తూ, అడగడానికి పక్కన మనిషి లేక ఒంటరిగా చేసుకున్నాను. మా బ్యాచ్‌లో పరిశోధన వైపు వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది హాస్టల్లో ఉన్నవాళ్ళే. ఇందులో విశ్వవిద్యాలయం తప్పేమీ లేదు. ఊరి పిల్లనైనందువల్ల నేను అక్కడ పగలు మాత్రమే ఉండి వచ్చేశాను.

సెంట్రల్ యూనివర్సిటీ మా అమ్మాయికి ఇచ్చిన వాటిలో అన్నిటికన్నా విలువైనవి ఆ సాయంత్రాలు, రాత్రులు. ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టులో ఒక పదార్థాన్ని తయారుచేసి, దాన్ని కాలమ్ క్రోమటోగ్రఫీలో శుద్ధి చేయవలసి వచ్చింది. గాజు గొట్టంలో సిలికా నింపి, పైనుంచి ద్రావణి పోస్తూ, కింద బొట్టుబొట్టుగా దిగే ద్రవాన్ని వరుస నంబర్లు వేసిన పరీక్ష నాళికల్లో పట్టాలి; ఒక్కొక్క నాళికలోంచి సన్నని చుక్క తీసి చిన్న పలక మీద పెట్టి, అతినీలలోహిత దీపం కింద చూడాలి. ఒకసారి మొదలుపెట్టాక, ఆఖరి బస్సు వెళ్ళిపోతుందని మధ్యలో వదిలేసి రావడానికి వీలుండని పని అది. ఒక రాత్రి పదింటికి వీడియో కాల్ చేసి, "అమ్మా, నలభై రెండో నాళికలో దొరికింది" అంటూ ఆ పలక మీద ఒంటరిగా నిలిచిన నల్లటి మచ్చను, అంటే పదార్థం శుద్ధి అయిందనడానికి గుర్తును, చూపించింది. ఆ వేళ నేను ఎమ్మెస్సీ రోజుల్లో ఎక్కడ ఉండేదాన్నో నాకు తెలుసు. గచ్చిబౌలి క్యాంపస్ చాలా పెద్దది. స్థాపించిన నాడు ఇచ్చిన స్థలం దాదాపు 2,300 ఎకరాలు కాబట్టి ఒక సైకిలు కొనివ్వడం మరవకండి.

తరగతిలో పక్కన ఎవరు కూర్చుంటారన్నది కూడా ఈ ఎంపికలో పెద్ద తేడా. ప్రాంతాల మధ్య గొడవలు సర్దడానికి 1973లో వచ్చిన ఆరు సూత్రాల పథకం వల్ల రాజ్యాంగంలో చేరిన 371డి అధికరణం కింద, మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో 85 శాతం సీట్లు స్థానిక ప్రాంత అభ్యర్థులకు కేటాయించారు. మారుమూల పల్లెల పిల్లలకు అది పెద్ద అండ, దాన్ని నేను తప్పుపట్టను. ఆ వెంటనే ఉన్న 371ఇ అధికరణమే కేంద్ర విశ్వవిద్యాలయానికి దారి వేసింది. అది 1974లో ఏర్పడి, తొలినాళ్ళలో అబిడ్స్‌లోని సరోజినీ నాయుడు గారి ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్‌లో నడిచింది. అక్కడ స్థానిక కోటా లేదు, దేశమంతటి నుంచీ పిల్లలు వస్తారు. ఫలితంగా మొదటి నెలలో మా అమ్మాయి నోరు విప్పలేకపోయింది. "పొద్దుటి నుంచి తెలుగులో మాట్లాడింది నీతోనే అమ్మా" అని ఒక రాత్రి ఫోనులో చెప్పినప్పుడు, తప్పు చేశామేమోనని మావారూ నేనూ నిద్రపోలేదు. దసరా సెలవులకు వచ్చేసరికి అదే పిల్ల ఒడియా అమ్మాయితోనూ, మలయాళీ అమ్మాయితోనూ సబ్జెక్టు మీద ఫోనులో గట్టిగా వాదిస్తూ కనిపించింది. మీ పిల్లలు కూడా మొదటి నెలలో వచ్చేస్తామంటే, ఆ పండుగ దాకా ఆగమని చెప్పండి.

దూరం వల్ల పడే భారం ఫీజుల్లో కన్నా ప్రయాణాల్లోనూ, నెలనెలా వచ్చే మెస్ బిల్లులోనూ, అన్నిటినీ మించి తల్లి గుండెల్లోనూ ఉంటుంది. సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి హైదరాబాదులో ఉంటారు. పగలు జన్మభూమిలో వెళితే క్యాంపస్‌కు దగ్గరగా లింగంపల్లిలో దిగవచ్చు. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు కాబట్టి, సంక్రాంతి టికెట్ల కోసం ఆ తేదీ లెక్కపెట్టుకుని పొద్దున్నే కూర్చోవాలి. మొదటి ఏడాది అక్టోబరులో అమ్మాయికి జ్వరం వచ్చి నూట రెండు దాటినప్పుడు నాకు రెండు రోజుల దాకా టికెట్ దొరకలేదు. ఆ రెండు రోజులూ గదిలో ఉన్న మలయాళీ అమ్మాయి దగ్గర కూర్చుని గంజి కాచి తాగించింది. వాళ్ళు కంజి అంటారట. నేను వెళ్ళేటప్పుడు ఒక సీసా ఆవకాయ అదనంగా కట్టుకుని వెళ్ళి ఆ పిల్ల చేతిలో పెట్టాను. ఇంత మంచి తోడు అందరికీ దొరుకుతుందని నేను హామీ ఇవ్వలేను. ఆరోగ్యం అంతంత మాత్రంగా ఉన్న పిల్లలనూ, ఇంట్లో పెద్దవాళ్ళను చూసుకోవలసిన బాధ్యత ఉన్నవాళ్ళనూ ఈ ఒక్క కారణంతోనే ఊళ్ళో ఉండమని చెబుతాను. ఇంటర్ అయిన వెంటనే పంపడం కూడా నాకు ఇష్టం లేదు. డిగ్రీ దాకా ఇంటి దగ్గర చదివి, వంట, బట్టలు, డబ్బు లెక్క చూసుకోవడం వచ్చిన పిల్లకు ఇరవై ఒకటో ఏట ఆ దూరం మేలు చేస్తుంది.

సీటు విషయంలో ఒక జాగ్రత్త. ఏయూకు రాష్ట్ర ప్రవేశ పరీక్ష పీజీసెట్, సెంట్రల్ యూనివర్సిటీకి జాతీయ ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ రాయాలి. రెండింటి కౌన్సెలింగ్‌లు ఒకే సమయంలో జరగవు కాబట్టి, ముందు వచ్చిన సీటుకు ఫీజు కట్టి రెండోదాని కోసం ఎదురుచూడవలసి రావచ్చు. మీ దగ్గర ఉండే టీసీ మాత్రం ఒక్కటే. మా అమ్మాయి డిగ్రీ చదివిన ప్రైవేటు కళాశాల టీసీ ఇవ్వడానికి మమ్మల్ని పదకొండు రోజులు తిప్పింది, సీటు పోతుందేమోనని ఆ పదకొండు రోజులూ నరకం చూశాము. ఆఖరి పరీక్ష అయిన వారంలోనే టీసీకి, దానితోపాటు మైగ్రేషన్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టుకోండి.

రసాయనశాస్త్రానికి, అందులోనూ పీహెచ్‌డీ ఆలోచన ఉన్నవాళ్ళకు, నా సలహా సెంట్రల్ యూనివర్సిటీయే. చదువు కాగానే మా ఊరి పక్కనున్న పరవాడ ఫార్మా సిటీలో ఉద్యోగం చూసుకోవాలనుకునేవాళ్ళు మాత్రం ఏయూలో చేరడానికి సంకోచించనక్కరలేదు. సబ్జెక్టు మారితే నా సమాధానమూ మారుతుంది. మా అబ్బాయి వాతావరణశాస్త్రం చదువుతానన్నప్పుడు ఎక్కడికీ వెళ్ళవద్దన్నాను. 1950లలోనే అమెరికా నుంచి సముద్రశాస్త్రవేత్త ఇ.సి. లాఫాండ్ వచ్చి సముద్ర పరిశోధనకు ఊపునిచ్చిన చోటు ఏయూ. తుపాను హెచ్చరికల కేంద్రం ఈ ఊళ్ళోనే ఉంది, కైలాసగిరి మీద తుపాన్లను పసిగట్టే డాప్లర్ రాడార్ ఉంది, జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రమూ ఇక్కడే ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా మీద విరుచుకుపడినప్పుడు మా పెంకుల షెడ్డు ఎగిరిపోవడం కళ్ళారా చూసిన పిల్లవాడికి ఆ సబ్జెక్టు గురించి వేరే ఎవరూ చెప్పనక్కరలేదు.

వాడిప్పుడు ఏయూలో మొదటి సంవత్సరంలో ఉన్నాడు. క్లాసులు అయిపోయినా రాత్రి ఎనిమిది దాకా లైబ్రరీలోనో, హాస్టల్ స్నేహితులతోనో కూర్చుని చదవాలని, అంతకన్నా ముందు ఇంటికి రావద్దని చేరిన రోజే మాట తీసుకున్నాను. అందుకని పొద్దున్నే రెండు క్యారియర్లు కడుతున్నాను, మధ్యాహ్నానికి ఒకటి, సాయంత్రానికి ఒకటి.