మామునూరు ఎయిర్‌పోర్టు దగ్గర ‘ప్రీ లాంచ్’ ప్లాటు అంటే డబ్బు తీయకండి

వరంగల్, హన్మకొండ, కాజీపేట వాళ్లందరూ దయచేసి ఆగి చదవండి. ఇంకా కోపం తగ్గలేదు, రాసింది ముందువెనకలైతే సర్దుకోండి.

ఖమ్మం రోడ్డు వైపు, ‘విమానాశ్రయానికి ఐదు నిమిషాలే’ అని ఫ్లెక్సీలు కట్టిన ఆ వెంచర్ గురించే చెబుతున్నాను. పేరు రాయొద్దని మా బాబాయి గట్టిగా చెప్పాడు. ఆయన వకీలు, కేసు వేసేది కూడా ఆయనే. ఆదివారం ఉచిత ఏసీ బస్సు, సైట్ మీద బగారన్నం, చికెన్, స్పాట్ బుకింగ్‌కు వెండి నాణెం. మీలో సగం మందికి ఇప్పటికే అర్థమై ఉంటుంది.

కథ గబగబా చెప్పేస్తాను. చిట్టీ ఎత్తాం. పర్మిషన్లు రాకముందే తక్కువ రేటుకు అమ్మే ‘ప్రీ లాంచ్’లో 200 గజాల ప్లాటు, గజం 11,500. లాంచ్ అయితే 16,000 అవుతుందన్నారు. మొత్తం 23 లక్షలు. టోకెన్ లక్ష, ఆ నెలలోనే ఇంకో ఐదు లక్షలు ఇచ్చాం. అందులో రెండు లక్షలు నగదు, ‘మీకే ఖర్చు తగ్గుతది అక్కా’ అంటే. మూడు నెలల్లో కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) పర్మిషన్, రాగానే రిజిస్ట్రేషన్ అన్నారు. ఏడాది దాటింది. ముందు ‘పండుగ పోనీ అక్కా’ అన్నారు, తర్వాత ‘ఎలక్షన్ కోడ్ ఉంది’ అన్నారు, ఆ తర్వాత ఫోనే ఎత్తడం మానేశారు.

ఎలా నమ్మావు అని అడిగేవాళ్లు ఉంటారు. ఆ ఆఫీసు గోడ చూస్తే మీరూ నమ్ముతారు. పేపర్ కటింగులు లామినేషన్ చేయించి ఒక గోడంతా అంటించారు. మామునూరుకు 2025 ఫిబ్రవరి 28న కేంద్రం పచ్చజెండా ఊపిన వార్త. అదనంగా 253 ఎకరాల సేకరణకు ప్రభుత్వం 205 కోట్లు ఇచ్చిన వార్త. గీసుగొండ, సంగెం దగ్గర మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017లో శంకుస్థాపన ఫొటో. 2023 జులైలో ప్రధాని వచ్చి కాజీపేట రైల్వే ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేసిన ఫొటో. అన్నిటి మధ్యలో పెద్దక్షరాలతో ‘రెండో రాజధానిగా వరంగల్’.

ఏజెంటు చేతిలో పాఠం చెప్పే కర్ర ఒకటి. ఒక్కో కటింగ్ మీద కొట్టి చెబుతుంటాడు. ‘అక్కా, హైదరాబాద్‌ల మియాపూర్ ఇరవై ఏండ్ల కింద గిట్లనే ఉండె. అమరావతిల ఫస్ట్ కొన్నోళ్లు ఏమైండ్రో చూడుండ్రి.’ చూశాం నాయనా. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట బయటికి రాగానే అక్కడ కొన్నవాళ్లు ఏమయ్యారో కూడా చూశాం. ఆ కటింగ్ మాత్రం గోడ మీద లేదు.

రాజధాని అంటే ఓరుగల్లు వాళ్లకు ఏదో అవుతుంది, ఒప్పుకోవాలి. 1323లో కోట పడిపోయి రాజధాని హోదా పోయింది. ఏడు వందల ఏళ్ల తర్వాత మళ్లీ మన ఊరికి ఆ మాట తగిలేసరికి మా ఆయన ఛాతీ ఉబ్బింది. నేను మురిసిపోయి వెండి నాణెం కూడా తెచ్చుకున్నాను. నాణెం భద్రంగా ఉంది, అదొక్కటే మిగిలింది.

గోడ మీద ఉన్న వార్తలు అబద్ధాలు కావు. విమానాశ్రయం నిజం, టెక్స్‌టైల్ పార్కు నిజం, రైల్వే ఫ్యాక్టరీ నిజం. నాయకులు సభల్లో రెండో రాజధాని అన్న మాటా నిజమే. ఆ గోడ మీద లేనిది ఒక్కటే, వాళ్ల సొంత వెంచర్ కాగితం. సర్వే నంబరు లేదు, లేఅవుట్ నంబరు లేదు, రియల్ ఎస్టేట్ వెంచర్లను నియంత్రించే రేరా ఇచ్చే నంబరూ లేదు. నేను అడగలేదనుకోకండి, అడిగాను. ‘ప్రాసెస్‌ల ఉంది అక్కా, రంది పడకుండ్రి’ అన్నాడు. సరే అని రంది పడటం మానేశాను. మహా తెలివైనదాన్ని.

మొన్న మా మరిది బండి మీద అటు వెళ్లి ఫొటో పంపాడు. మా ప్లాటులో మోకాలెత్తు పత్తి. నంబర్లు రాసిన హద్దు రాళ్లన్నీ పీకి గట్టు మీద కుప్ప పోసి ఉన్నాయి. ఎర్ర రంగుతో రాసిన మా నంబరు ఆ కుప్పలో పైకే కనిపిస్తోంది. మరుసటి రోజు మేమూ వెళ్లాం. చేను ఆయన అక్కడే పత్తికి మందు కొడుతున్నాడు. పంపు దించి, నీళ్లు తాగమని సీసా ఇచ్చి చెప్పాడు. ‘అగ్రిమెంట్ చేసుకున్నరు బిడ్డా, బయానా ఇచ్చిండ్రు. గడువు అయిపోయింది, మిగిలిన పైసలు ఇయ్యలె. నా భూమి నేను దున్నుకున్న. మీ అసోంటోళ్లు మస్తు మంది వస్తున్నరు.’

అంటే ఆ కంపెనీ భూమి కొననే లేదు. రైతుకు బయానా ఇచ్చి, మా డబ్బుతోనే రైతుకు మిగతాది కడదామనుకుని, ఆ డబ్బు ఇంకెక్కడో పెట్టుకున్నారు. ప్రభుత్వ భూ రికార్డుల సైటు భూభారతిలో చూస్తే పట్టా ఇప్పటికీ ఆ రైతు పేరు మీదే ఉంది.

అక్కడి నుంచి నేరుగా వాళ్ల ఆఫీసుకు వెళ్లాం. అసలు ఈ పోస్టు రాస్తున్నది అక్కడ జరిగిన దానికోసమే.

లోపల ఒక కుటుంబం కూర్చుని ఉంది. కొత్త జంట, అత్తగారో అమ్మో ఒక పెద్దావిడ. ఆఫీసు కుర్రాడు ట్రేలో టీ పట్టుకొచ్చి అలవాటుగా రెండు గ్లాసులు మా ముందు కూడా పెట్టాడు. ఆ ఏజెంటు, అదే బుకింగ్ రోజు ‘నువ్వు నా సొంత అక్క లెక్క’ అని, భోజనం దగ్గర నా ప్లేటులో ముక్కలు వేసినవాడు, అప్పుడు తల తిప్పి మమ్మల్ని చూశాడు. కుర్రాడితో ‘అవి ఇటు తీస్కరా’ అన్నాడు. ఆ పిల్లాడు మా ఆయన చెయ్యి పెట్టబోతున్న గ్లాసు తీసి అవతలి బల్ల మీద పెట్టాడు. ఆ ముఖం చూస్తే పిల్లాడికే సిగ్గుగా ఉంది. ఆరు లక్షలు పోయినా ఇంత కోపం రాలేదు నాకు, ఆ టీ గ్లాసు దగ్గర వచ్చింది.

కర్ర పట్టుకుని పాఠం మళ్లీ మొదలుపెట్టాడు. మామునూరు, టెక్స్‌టైల్ పార్కు, కాజీపేట, అదే వరస. చివర్లో ఆ పెద్దావిడతో ‘అమ్మా, నువ్వు మా అమ్మ లెక్క’ అన్నాడు. ఇక నావల్ల కాలేదు. ‘అమ్మా, రేరా నంబరు అడగండి, వీళ్లకు ఆ భూమే లేదు, అక్కడ పత్తి ఉంది’ అన్నాను గట్టిగానే.

వాడు నా వైపు చూడనే లేదు. మా ఆయనతో, ‘సార్, మేడమ్‌ను బయట కూసోబెట్టుండ్రి. కస్టమర్ల ముంగట గిట్ల మాట్లాడిస్తరా? ఇంట్ల ఆడోళ్లను అదుపుల పెట్టుకోవాలె’ అన్నాడు. ఇన్నాళ్ల అక్క ఒక్క నిమిషంలో మేడమ్ అయింది, అదుపులో పెట్టాల్సిన ఆడది అయింది. మా ఆయన ఊళ్లో ఎవరితోనూ గొడవ పెట్టుకోని మనిషి. నిలబడి, ‘చిట్టీ ఆమె కట్టింది, టోకెన్ ఆమె ఫోన్ నుంచి పోయింది, ఆమెతోనే మాట్లాడు’ అన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన గొంతు అంత పెద్దగా నేను వినలేదు.

అప్పుడు వాడు డ్రాయర్ తీసి మా రసీదు జిరాక్సు బల్ల మీద పడేశాడు. ‘చదువుకున్నోళ్లే కదా, చదువుండ్రి’ అన్నాడు. మా దగ్గర ఉన్న రసీదే. ముందువైపు ప్లాటు నంబరు, మా పేరు, స్టాంపు. వెనకవైపు చీమ కాళ్లంత అక్షరాల్లో, అదీ ఇంగ్లిష్‌లో: ఇది ప్లాటు అడ్వాన్సు కాదట, ‘కస్టమర్ మెంబర్‌షిప్ డిపాజిట్’ అట. కంపెనీ ఎక్కడ చూపిస్తే అక్కడ సర్దుకోవాలట, కాదంటే నలభై శాతం కోత అట. నగదు ఇచ్చిన రెండు లక్షల ఊసే లేదు. ‘క్యాష్ ఎవరికిచ్చిండ్రో వాళ్లనే అడుగుండ్రి’ అన్నాడు. ఇచ్చింది వాడి చేతికే. మా ముందే లెక్కపెట్టుకున్నాడు, నోటు చిరిగింది ఒకటి ఉంటే మార్చి ఇమ్మన్నాడు కూడా.

తర్వాత మేనేజర్ అని ఒకాయన లోపలి నుంచి వచ్చి శాంతంగా మాట్లాడాడు. పర్వతగిరి అవతల ఇంకో సైటు ఉందట. ప్లాటుగా కాకుండా వ్యవసాయ భూమిగా గుంటల లెక్కన చేయిస్తారట. ‘పాస్‌బుక్ వస్తది మేడమ్, రైతు భరోసా కూడా పడుతది’ అన్నాడు, అదేదో నాకు కట్నం పెడుతున్నట్టు. ఇంటికొచ్చి లెక్క వేశాను. గుంట అంటే 121 గజాలు, 200 గజాలకు గుంటన్నర దాటి ఏదో వస్తుంది. రైతు భరోసా అంటే సాగుకు ప్రభుత్వం ఇచ్చే సాయం, ఎకరానికి ఏడాదికి 12,000, ఎకరానికి 40 గుంటలు, అంటే గుంటకు 300. నాకు ఏడాదికి 500 కూడా నిండవు. 23 లక్షలు పెట్టినందుకు ఈ ఆదాయం. పైగా గుంటల్లో కొన్న వ్యవసాయ భూమిలో ఇల్లు కట్టుకోవాలంటే నాలా మార్పిడి (వ్యవసాయేతర భూమిగా మార్పించుకోవడం) కావాలి, లేఅవుట్ పర్మిషన్ లేదు కాబట్టి ఇంటి పర్మిషన్ దగ్గర మళ్లీ మొదటికే వస్తుంది.

‘ఎల్‌ఆర్‌ఎస్ కట్టుకుంటే అన్నీ అయిపోతయి’ అని కూడా అన్నాడు ఆ పెద్దమనిషి. ఎల్‌ఆర్‌ఎస్ అంటే పర్మిషన్ లేని లేఅవుట్లను ఫీజు కట్టించుకుని క్రమబద్ధం చేసే పథకం. అది 2020 ఆగస్టు 26కు ముందు పడిన లేఅవుట్లకు. నిన్న మొన్న పత్తి చేనులో పాతిన రాళ్లకు వర్తించదు. ఇది వాడికి తెలియదా? తెలుసు. మాకు తెలియదని వాడికి తెలుసు.

రాత్రి నిద్ర పట్టక ఫోన్లో చట్టం చదువుకుంటూ కూర్చున్నాను. 2016 నాటి రేరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్ ఏదైనా రిజిస్టర్ చేయాల్సిందే. 500 చదరపు మీటర్లు అంటే సుమారు 600 గజాలు, మన 200 గజాల ప్లాట్లు మూడు. వీళ్లవి వందల ప్లాట్లు. రిజిస్ట్రేషన్ కాకముందే ఫ్లెక్సీ కట్టడం తప్పు, బుకింగ్ తీసుకోవడం తప్పు. రిజిస్టర్ అయినా కూడా అమ్మకం అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా పది శాతం మించి తీసుకోకూడదు. మా దగ్గర 23 లక్షల మీద ఆరు తీసుకున్నారు. స్థిరాస్తికి 20,000, అంతకు మించి నగదు అడ్వాన్సు తీసుకోకూడదని ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టంలో ఉంది, వాళ్లు రెండు లక్షలు తీసుకున్నారు. అంటే ప్రీ లాంచ్ ఆఫర్ అన్న బోర్డే నేరం ఒప్పుకున్న కాగితం. అది హన్మకొండ నడిబొడ్డున స్తంభాలకు కట్టి ఉంటుంది, ఎవరికీ పట్టదు. ఇంటి ముందు మూడడుగుల అరుగు కడితే మాత్రం నోటీసు వస్తుంది.

ఇక జాగ్రత్తలు అంటారా, పెద్దగా ఏమీ లేవు. రేరా నంబరు అడగండి, తెలంగాణ రేరా సైటులో మీరే చూసుకోండి. ఎల్పీ నంబరు, అంటే లేఅవుట్ పర్మిషన్ నంబరు, చెబితే కుడా ఆఫీసులో సరిచూసుకోండి. మాకు తర్వాత చెప్పిన నంబరు దరఖాస్తు ఫీజు రసీదుదట. సర్వే నంబరు తీసుకుని భూభారతిలో పట్టా ఎవరి పేరు మీద ఉందో చూడండి, రిజిస్ట్రేషన్ శాఖ సైటులో ఈసీ (ఆ భూమి మీద జరిగిన లావాదేవీల పత్రం) తీయండి, నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబరు ఏ జోనో కనుక్కోండి. రన్‌వే పక్కనే అని మురిసిపోకండి, విమానాశ్రయం చుట్టూ కట్టడాల ఎత్తుకు పరిమితులు ఉంటాయి. నగదు ఇవ్వకండి. అన్నిటికన్నా ముందు ఒక రోజు ఒంటరిగా, వాళ్ల బస్సు ఎక్కకుండా, సైటుకు వెళ్లి పక్క చేను ఆయనతో మాట్లాడండి. ఆయనకు అన్నీ తెలుసు, నీళ్లు కూడా ఇస్తాడు.

మేము రేరాకు ఫిర్యాదు చేస్తున్నాం, పోలీసులకు కూడా. జిల్లా వినియోగదారుల కమిషన్ గురించి బాబాయి చూస్తున్నాడు, చెల్లించింది ఐదు నుంచి పది లక్షల మధ్య ఉంటే ఫీజు 200 రూపాయలేనట. అదే కంపెనీ రసీదు ఉన్నవాళ్లు, వెనకవైపు ‘మెంబర్‌షిప్’ అని ఉందేమో తిప్పి చూసుకుని నాకు మెసేజ్ పెట్టండి. కలిసి వేస్తే బరువు ఉంటుంది. నగదు ఇచ్చినవాళ్లు సిగ్గుపడి దాచుకోకండి, ఆ రోజు మీ బ్యాంకు నుంచి డబ్బు తీసిన ఎంట్రీ, వాళ్లతో ఫోన్ చాటింగ్ ఏదున్నా చెరపకుండా పెట్టుకోండి.

ఇంకొకటి. ఇందాక కరీంనగర్ నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసింది. ఈ ఆదివారం సైట్ విజిట్‌కు రమ్మని ఆమెకు కాల్ వచ్చిందట, ‘మీ వదిన కూడా మా దగ్గరే తీసుకున్నరు, అడిగి చూడుండ్రి’ అని. బుకింగ్ ఫారంలో నేను రాసిచ్చిన రిఫరెన్స్ నంబర్లన్నిటికీ చేస్తున్నారు. నా పేరు చెప్పి ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేసి, నాకు చేయండి. రసీదు వెనకవైపు ఫొటో పంపిస్తాను.