డాక్టరు వద్దన్నాక మెయిల్ ఆగుతుందా? సేల్స్‌ఫోర్స్ కన్సెంట్ ఏర్పాట్లపై సమీక్ష

ఏ డాక్టరు మెయిల్‌కు సరేనన్నారు, ఎవరు ఫోన్ వద్దన్నారు అన్న కన్సెంట్ (సమ్మతి) వివరాలు మందుల కంపెనీ రాసిపెట్టుకోవడానికి, కస్టమర్ల వివరాలు దాచే సీఆర్ఎమ్ సాఫ్ట్‌వేర్ అయిన సేల్స్‌ఫోర్స్‌లో కావాల్సిన ఆబ్జెక్టులన్నీ (పట్టికలు) ఉన్నాయి. పద్దు పుస్తకం చక్కగా ఉంది. అది చూసి పని ఆపే గుమస్తా మాత్రం లేడు, అతన్ని మీరే పెట్టుకోవాలి.

మొదలు సులువే. సెటప్‌లో డేటా ప్రొటెక్షన్ అండ్ ప్రైవసీ పేజీకి వెళ్లి, ఆ వివరాలు రికార్డుల్లో కనిపించేలా టిక్ పెట్టాలి. కాంటాక్ట్ లేఅవుట్‌లో ఇండివిడ్యువల్ (ఒక వ్యక్తి ప్రైవసీ ఎంపికలు ఉండే రికార్డు) ఫీల్డు చేర్చాలి. పాత డాక్టర్ల పేర్లకు ఇండివిడ్యువల్ రికార్డులు వాటంతటవే పుట్టవు. రికార్డులను గంపగుత్తగా ఎక్కించే డేటా లోడర్‌తో సృష్టించి తగిలించాల్సిందే. చాలా చోట్ల బండి ఆగేది ఇక్కడే.

ఆ తర్వాత డేటా యూజ్ పర్పస్‌లో ఉద్దేశాలు రాయాలి: మందుల సమాచారం, సీఎంఈ (డాక్టర్ల నిరంతర వైద్య విద్య) ఆహ్వానం, సర్వే. మూడు నాలుగు చాలు. ఇరవై పెడితే క్లినిక్ గుమ్మంలో నిలబడ్డ మెడికల్ రెప్ అన్నిటికీ ఒకే టిక్ కొట్టేస్తాడు.

అసలు సమ్మతి కాంటాక్ట్ పాయింట్ టైప్ కన్సెంట్‌లో పడుతుంది. ఎవరు, ఏ మార్గం, ఏ ఉద్దేశం, ఆప్ట్ ఇన్నా (సరే) ఆప్ట్ అవుటా (వద్దు), ఎప్పుడు, ఎలా తీసుకున్నారు అన్నవి ఇందులో ఉంటాయి. క్యాప్చర్ డేట్‌ను రెప్ చేతే నింపించండి. సాయంత్రం ఇంటికెళ్లి ఎంట్రీ కొట్టే వాళ్లే ఎక్కువ కాబట్టి రికార్డు పుట్టిన సమయాన్ని సాక్ష్యంగా నమ్మలేం.

“మెసేజ్ పెట్టండి, కాల్ మాత్రం చేయొద్దు” అని డాక్టరు అంటే చిక్కొస్తుంది. రెండూ ఒకే నంబరు, టైప్ చూస్తే ఫోన్ ఒక్కటే. ఈ తేడా చూపాలంటే ఎంగేజ్‌మెంట్ ఛానల్ టైప్‌లో ఎస్సెమ్మెస్, కాల్, వాట్సాప్ విడివిడిగా పెట్టి, కమ్యూనికేషన్ సబ్‌స్క్రిప్షన్ కన్సెంట్ (ఏ సమాచారం ఏ మార్గంలో అన్న సమ్మతి) దాకా వెళ్లాలి. పని రెట్టింపవుతుంది.

ఇక పెద్ద లోపం. కన్సెంట్ రికార్డులో ఆప్ట్ అవుట్ రాసినంత మాత్రాన, ఒకేసారి చాలామందికి పంపే లిస్ట్ ఈమెయిల్ ఆగదు. అది చూసేది కాంటాక్ట్ మీదున్న ఈమెయిల్ ఆప్ట్ అవుట్ టిక్‌ను. కన్సెంట్ మారగానే ఆ టిక్ మార్చే ఫ్లో (తనంతట నడిచే ఆటోమేషన్) ఒకటి రాయాలి. బయటి టూల్‌తో పంపేవాళ్లు కన్సెంట్ ఏపీఐని (వేరే సాఫ్ట్‌వేర్ సమ్మతి ఉందో లేదో కనుక్కునే మార్గం) అడగాలి. ఆ ఏపీఐలో ఒక మెలిక ఉంది: రిక్వైర్ ఎక్స్‌ప్లిసిట్ కన్సెంట్ అనే పాలసీ జోడించకపోతే, ఏ రికార్డూ లేని డాక్టరుకు కూడా “పంపొచ్చు” అంటుంది. వెర్బోస్ (వివరంగా చెప్పమనే ఆప్షన్) పెట్టి అడిగితే ఆ జవాబు ఏ రికార్డు నుంచి వచ్చిందో కూడా చెబుతుంది. పరీక్షించేటప్పుడు అది లేకుండా చూడొద్దు.

గడువుదీ అదే కథ. సమ్మతి ముగిసే ఎఫెక్టివ్ టు తేదీ దాటినా స్టేటస్‌లో ఆప్ట్ ఇన్ అలాగే ఉంటుంది. రాత్రిపూట నడిచే షెడ్యూల్డ్ ఫ్లోతో మార్చుకోవాలి. పాత రికార్డు మీద దిద్దడం కన్నా ప్రతి మార్పుకూ కొత్త రికార్డు వేయడం మేలు. పాత మార్పులు చూపే ఫీల్డ్ హిస్టరీ తెరమీద 18 నెలలే కనిపిస్తుంది, వివాదం అంతకన్నా ఆలస్యంగా రావచ్చు. రికార్డులు ప్రైవేటుగా ఉంటే ఏరియా మారిన కొత్త రెప్‌కు పాత రెప్ తీసుకున్న “వద్దు” కనిపించదు. షేరింగ్ రూల్ ముందే వేయండి.

మన దేశంలో ఇది ఇక ఎక్కువ కాలం ఐచ్ఛికంగా ఉండదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం సమ్మతి ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునే వీలుండాలి. వివాదం వస్తే, నోటీసు ఇచ్చామని నిరూపించుకోవాల్సింది కంపెనీయే. నోటీసును ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా చదువుకునే అవకాశం ఇవ్వాలి, తెలుగూ అందులో ఉంది. 2025 నవంబరులో నోటిఫై అయిన నియమాల్లో ముఖ్యమైనవి 18 నెలల తర్వాత అమల్లోకి వస్తాయి. నోటీసు రుజువుకు సేల్స్‌ఫోర్స్‌లోని ఆథరైజేషన్ ఫామ్ బాగా పనికొస్తుంది: ఏ వెర్షన్, ఏ భాషలోని మాటలకు డాక్టరు ఒప్పుకున్నారో దాంట్లో నిలిచిపోతుంది. నాకు ఈ మొత్తంలో బాగా నచ్చింది ఇదే.

ఎస్సెమ్మెస్‌లకు మాత్రం సీఆర్ఎమ్‌లో సమ్మతి ఉంటే సరిపోదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల కింద డీఎల్‌టీలో (వాణిజ్య మెసేజ్‌ల నమోదు వేదిక) హెడరు (పంపేవారి పేరు), టెంప్లేటు (మెసేజ్ నమూనా) నమోదు కాకపోతే మెసేజ్ ఆపరేటరు దగ్గరే ఆగిపోతుంది.